తల్లిలేని కోడిపిల్లలకు వెచ్చని గూడు



ఈ వారం పాఠాన్ని నా తప్పుతోనే మొదలుపెట్టవలసి ఉంది.

రెండేళ్ల క్రితం డిసెంబరు మొదటి వారంలో మా విచారణకు చెందిన ఒక చెల్లెమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకొని 40 వనరాజా కోడిపిల్లలను తెచ్చుకొన్నది. ఆ ఏడు వారి పత్తికి గులాబీ రంగు పురుగు పట్టి, కౌలు డబ్బు కూడా చేతికి రాలేదు. ఇప్పుడు పిల్లలను పెంచితే ఈస్టరు నాటికి అమ్మకానికి వస్తాయనీ, తపస్సుకాలం ముగిశాక కోడికి మంచి ధర పలుకుతుందనీ ఆమె లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. "వీటిని ఎట్లా కాపాడుకోవాలి అన్నయ్యా?" అని ఆదివారం పూజ అయిన తరువాత గుడి ముందర నన్ను అడిగింది. నేను ఏదో తొందరలో ఉన్నాను. "అడుగున ఊక పరిచి, పైన ఒక బల్బు వేలాడదియ్యి చెల్లెమ్మా, సరిపోతుంది" అని చెప్పి బండి ఎక్కాను.

మర్నాడు తెల్లవారకముందే ఆమె కొడుకు సైకిలు మీద వచ్చాడు. నేను వెళ్లి చూసేసరికి వంటగది పంచలో, గోడ మూలన, 17 పిల్లలు ఒకదానిమీద ఒకటి కుప్పపడి చనిపోయి ఉన్నాయి. పైన బల్బు చక్కగా వెలుగుతూనే ఉంది. దగ్గరగా చెయ్యి పెట్టి చూశాను. వేడి తగలలేదు. అది ఎల్‌ఈడీ బల్బు.

"నువ్వు చెప్పినట్టే బల్బు పెట్టాం గదా అన్నయ్యా" అన్నది ఆమె. నిందిస్తూ కాదు, అర్థం కాక అన్నది. ఏ బల్బు పెట్టాలో నేను చెప్పలేదు. పాతకాలపు ఫిలమెంటు బల్బు తాను తీసుకొనే కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే వదులుతుంది. కోడిపిల్లకు కావలసింది ఆ వేడి. 2015 తరువాత ప్రభుత్వ పథకం ద్వారా ఇంటింటికీ చేరిన ఎల్‌ఈడీ బల్బు కరెంటును ఆదా చేస్తుంది. అంటే వేడిని ఆదా చేస్తుంది. మనుషులకు అది మేలు. కోడిపిల్లకు మాత్రం ఆ వెలుగు వలన ప్రయోజనం లేదు. కాబట్టి ఆ రోజు గుడి ముందర నేను చెప్పవలసినదంతా ఇప్పుడు నిదానంగా చెబుతున్నాను.

మన ఊళ్లలో పూర్వం ఈ చిక్కు లేదు. పొదుగు కోడి 21 రోజులు గంపలో గుడ్లపై కూర్చుని పిల్లలను లేపేది. ఆ తరువాత రెక్కల కింద పెట్టుకొని తిప్పేది. కోడి ఒంటి వేడి సుమారు 106 డిగ్రీల ఫారన్‌హీట్. చలివేసిన పిల్ల రెక్క కిందకు దూరుతుంది, వెచ్చబడ్డాక బయటకు వచ్చి గింజ ఏరుకొంటుంది. ఇంతకంటె మంచి ఏర్పాటును ఎవరూ కనిపెట్టలేదు. మీ ఇంట్లో మంచి పొదుగు కోడి ఉండి, పది పన్నెండు పిల్లలతో సరిపెట్టుకోగలిగితే ఈ పాఠంలో సగం మీకు అవసరం లేదు.

అయితే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతులు యంత్రంలో పొదిగినవి. తల్లి ముఖం ఎరుగవు. పెద్దవైన తరువాత వాటికి గుడ్లపై కూర్చునే బుద్ధి కూడా ఉండదు. దేశవాళీ కోడి ఏడాదికి పెట్టే గుడ్లకు రెండింతలకు పైగా గ్రామప్రియ పెడుతుందంటే, పొదుగుకు కూర్చుని గుడ్లు మానివేయకపోవడం కూడా ఒక కారణం. వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికివస్తుంది. ఈ లాభం కావాలంటే తల్లి చేయవలసిన పని మొదటి నాలుగు వారాలు మనం చేయాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని ముంచివేసినప్పుడు ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకొన్న సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పైరు పోయిన ఏడాది ఇంటి ఖర్చుకు గుడ్డో కోడో అక్కరకు వచ్చిన ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. అందుకే 17 పిల్లలను చిన్న నష్టమని నేను అనలేను.

ఒకరోజు పిల్ల ఒంటిమీద ఉన్నది నూగు మాత్రమే. అది ఈకలు కాదు. తన ఒంటి వేడిని తానే నిలుపుకొనే శక్తి దానికి మొదటి రెండు వారాలు సరిగా ఉండదు. దాని పక్కన, నేలకు రెండంగుళాల ఎత్తున, మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ (35 సెల్సియస్) వేడి ఉండాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకొంటూ నాలుగవ వారానికి 80కి తేవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మన దగ్గర చాలా రాత్రులు 20 సెల్సియస్ కంటె తక్కువకు దిగిపోతాయి. పిల్లకు కావలసిన వేడికీ, రాత్రి గాలికీ మధ్య ఉన్న ఆ 15 డిగ్రీల తేడాను మనం పూడ్చాలి.

50 పిల్లలకు 60 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండు చాలు. పిల్లకు చలికాలంలో రెండు మూడు వాట్లు, వేసవిలో ఒకటి రెండు వాట్లు అని గుర్తుపెట్టుకోండి. 100 వాట్ల బల్బు ఒక్కటి పెట్టవచ్చు గదా అని అడుగుతారు. అర్ధరాత్రి అది మాడిపోతే? రెండుంటే ఒకటి మిగులుతుంది. ఈ బల్బులు ఇప్పుడు ప్రతి కొట్లోనూ దొరకడం లేదు. పిల్లలను తెచ్చుకొనే ముందే ఇంకొకటి అదనంగా కొని దాచుకోండి. బల్బును ఊకకు అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో, కరెంటు తీగ మీద భారం పడకుండా, ఇనుప తీగతో గట్టిగా కట్టండి. అది జారి ఊకలో పడితే పిల్లలతో పాటు పాక కూడా అంటుకొంటుంది. పైన ఒక వెదురు గంప బోర్లించి, దానిలోపల బల్బు వేలాడదీస్తే వేడి కిందికే దిగుతుంది. గంప బల్బుకు తగలకూడదు.

చుట్టూ అడుగున్నర ఎత్తున రేకుతోగాని, అట్టతోగాని, తాటాకు చాపతోగాని గుండ్రంగా తడిక కట్టండి. 50 పిల్లలకు నాలుగడుగుల అడ్డకొలత గల చుట్టు మొదటి మూడు నాలుగు రోజులకు సరిపోతుంది. దానికి పదమూడు అడుగుల రేకు కావాలి. ఆ తరువాత రెండు రోజులకొకసారి కొంచెం వెడల్పు చేసుకొంటూ పోవాలి. గుండ్రంగానే ఎందుకంటే, చలివేసిన పిల్లలు మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. ఆ చెల్లెమ్మ ఇంట్లో జరిగింది అదే. గుండ్రని చుట్టులో మూల ఉండదు.

వేడి సరిపోయిందా లేదా అన్నది థర్మామీటరు కంటె పిల్లలే బాగా చెబుతాయి. అన్నీ బల్బు కిందకు చేరి, గొంతెత్తి కీచుమంటూ ఉంటే చలిగా ఉందని. తడిక అంచుకు పారిపోయి, ముక్కు తెరిచి రొప్పుతూ, రెక్కలు వేలాడేస్తే వేడి ఎక్కువైందని. అన్నీ ఒక్క పక్కకే చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతున్నదని. చుట్టు అంతటా చెదిరి, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాపుకొని నిద్రపోతూ, సన్నగా కబుర్లు చెప్పుకొంటున్నట్టు శబ్దం చేస్తుంటే మీరూ వెళ్లి నిద్రపోవచ్చు. ఒక పిల్లను చేతిలోకి తీసుకొని దాని పాదాలను మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే నేల చల్లగా ఉన్నట్టు. మొదటి మూడు రాత్రులు రెండు గంటల వేళ ఒకసారి లేచి చూడక తప్పదు. చంటిబిడ్డ తల్లులకు ఇది కొత్త కాదు.

కరెంటు పోతే? మట్టికుండలో మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి, గోనెసంచి చుట్టి చుట్టు నడుమ ఉంచండి. పిల్లలు దాని చుట్టూ చేరతాయి. రెండు మూడు గంటలకు నీళ్లు మార్చాలి. బొగ్గుల కుంపటి వాడేవారు బొగ్గులు బయటే బాగా రాజుకొని పొగ పోయిన తరువాతనే లోపలికి తెచ్చి, పైన బూడిద కప్పి, పిల్లలు తాకకుండా చిల్లుల డబ్బా బోర్లించాలి. పొగ కనిపించకపోయినా బొగ్గు నుంచి విషవాయువు వస్తూనే ఉంటుంది. అందుచేత పై భాగాన గాలి తిరిగే పంచలోనే కుంపటి పెట్టాలి. తలుపులు మూసిన గదిలో పెడితే పిల్లలకే కాదు, అదే గదిలో పడుకొన్న మనుషులకు కూడా ప్రాణాపాయం.

ఇక అడుగున పరిచే పరుపు సంగతి. వేడి గురించి ఎంత చెప్పినా, నేల తడిగా ఉంటే అంతా వృథాయే.

మన నల్లరేగడి తడిని పీల్చుకొని వదలదు. దానిమీద నేరుగా ఊక పరిస్తే రెండు రోజుల్లో అడుగు నుంచి చెమ్మ ఎక్కుతుంది. పల్నాటి ఇళ్లలో నాపరాళ్లు పరిచిన పంచలు ఉంటాయి. అవి పొడిగా ఉంటాయి గాని రాత్రి మంచులా చల్లబడతాయి. రేగడి నేలైతే గ్రావెల్ పోసి అడుగు ఎత్తు లేపి గట్టిపరచండి. నాపరాయి అయితే పరుపు మందం పెంచండి. రెండు చోట్లా ముందు సున్నం వెల్ల కొట్టి బాగా ఆరనివ్వాలి. దానిపై రెండు మూడు అంగుళాల మందాన పరుపు వేయాలి.

పరుపుకు అన్నిటికంటె మంచిది వరి ఊక. తెనాలి, బాపట్ల వైపు మాగాణి ఊళ్లలో రైసుమిల్లు దగ్గర సులువుగా దొరుకుతుంది. మెట్ట ప్రాంతం వారు కొని తెచ్చుకోవాలి. అక్కడే తప్పులు జరుగుతాయి. ఇంట్లో ఉన్నదేదో వేద్దామనిపిస్తుంది. పత్తి ఇంటినిండా ఉంటుంది, మెత్తగా వెచ్చగా ఉంటుంది గదా అని పత్తి పరిచినవారిని నేను చూశాను. పత్తి పోగులు పిల్లల కాలివేళ్లకు చుట్టుకొని బిగిసిపోతాయి. కొన్ని పిల్లలు వాటిని మింగుతాయి. మెడ కింద మేతసంచిలో అది ఉండకట్టి దిగకుండా నిలిచిపోతుంది. పత్తి వద్దు.

మిరప కల్లంలో మిగిలే తొడిమెలు, తాలుకాయల పొడి కూడా వద్దు. ఇక్కడ ఒక తమాషా ఉంది. కోళ్లకు, పక్షులన్నిటికీ కూడా, మిరప కారం తెలియదు. మనకు మంట పుట్టించే పదార్థం వాటి నరాలకు తగలదు. చిలుక పచ్చిమిరపకాయ తినడం చూశారు గదా. అందుకని మిరప పొట్టు ఫరవాలేదనుకొంటారు. కారం సంగతి ఎలా ఉన్నా దుమ్ము దుమ్మే. చిన్న ఊపిరితిత్తులకు అది చాలదూ? పైగా కాయమీద కొట్టిన పురుగుమందు శేషం తొడిమెల్లో ఉంటుంది.

వేరుశనగ పొట్టు మంచి పరుపే, కాని పొడిగా, కొత్తదిగా ఉండాలి. బూజు పట్టినది ఒక్క గుప్పెడు కూడా వేయకండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం వెదకగా బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండిలో పెరిగిన బూజు అని తేలింది. ఆ బూజు విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. బూజు పట్టిన పరుపు నుంచి లేచే ధూళిని పీలిస్తే పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అవి ముక్కు తెరిచి, శబ్దం లేకుండా రొప్పుతాయి. దానికి మందు లేదు.

మొదటి రెండు మూడు రోజులు ఊకపై పాత వార్తాపత్రికలు పరచండి. లేకపోతే కొత్త పిల్లలు ఊకనే మేత అనుకొని తింటాయి. (ఈ పత్రికను కూడా పరచవచ్చు, చదివిన తరువాతనే సుమా!) నున్నని కాగితం మీద ఎక్కువ రోజులు ఉంచితే కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి. మూడవ రోజుకు కాగితాలు తీసివేయాలి.

ఆ తరువాత రోజుకొకసారి ఊకను చేతితో తిరగవేయండి. నీళ్ల పళ్లెం చుట్టూ తడిసిన ఊకను తీసి కొత్తది వేయండి. గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసికి వదిలితే, ఉండగా నిలిచిందంటే తడి ఎక్కువ. విడిపోతే బాగున్నట్టు. మరీ దుమ్ములా రాలితే పొడి ఎక్కువ. ఇంకొక మాట. మీరు నిలబడి వాసన చూస్తే తెలియదు. మోకాళ్లమీద కూర్చుని, పిల్ల తల ఉన్న ఎత్తున ముక్కు పెట్టి చూడండి. కళ్లు మండితే ఆ పిల్లలు రాత్రంతా ఆ ఘాటులోనే ఉన్నాయన్నమాట. తడి, వెచ్చని పరుపులోనే రక్తపారుడు జబ్బు క్రిములు బలపడతాయి. మూడు నుంచి ఆరు వారాల వయసులో రెట్టలో రక్తం కనిపిస్తే అదేనని అనుమానించి, ఆ పూటే పశువుల ఆసుపత్రికి వెళ్లాలి.

మేత గురించి క్లుప్తంగానే చెబుతాను. పుట్టిన తరువాత రెండు రోజులు పిల్ల కడుపులోని పచ్చసొన దానిని పోషిస్తుంది. అందుకే దూరం నుంచి అట్టపెట్టెల్లో తేగలుగుతున్నాం. ఇంటికి రాగానే ముందు గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా బెల్లం కలిపి, ఒక్కొక్కదాని ముక్కు ముంచి తాగడం నేర్పండి. పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునిగిపోవు. రెండు మూడు గంటల తరువాత కోడిపిల్లల దాణా, లేదా మొక్కజొన్న రవ్వ, సన్నని నూకలు చల్లండి. రవ్వ, నూకలతోనే చాలా రోజులు గడిపితే మాంసకృత్తులు చాలక ఎదుగుదల తగ్గుతుంది. పత్తిగింజల చెక్క గేదెకు మంచిదని పిల్లలకు పెట్టవద్దు. అందులో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పిల్లలను తెచ్చేవారికి చలికాలపు పాఠం తిరగబడుతుంది. రెంటచింతల ఎండల సంగతి మనం ఏటా పేపర్లలో చదువుతూనే ఉన్నాం. పగలు బల్బు అక్కరలేదు సరిగదా, పైకప్పుమీద గడ్డి వేసి తడపాలి. తెల్లవారుజామున మాత్రం మొదటి వారం కొద్దిగా వేడి ఇవ్వండి. చలికాలంలో ఉత్తరం, తూర్పు పక్కల గోనెపట్టాలు కట్టినా, పై భాగాన జానెడు ఖాళీ వదలండి. వెచ్చగా ఉండాలని ఊపిరాడకుండా మూసివేయడం కూడా ఒక పొరపాటే.

మూడవ వారం నుంచి ఎండ కాసే వేళ గంట, రెండు గంటలు బయట గంప కిందో వల కిందో వదలవచ్చు. గద్ద, కాకి, ముంగిస పగటి దొంగలు. పిల్లి, పందికొక్కు రాత్రి దొంగలు. అయిదారు వారాలకు ఈకలు నిండిన తరువాత పూర్తిగా విడిచిపెట్టవచ్చు. అయితే పత్తి, మిరప చేలలో మందు కొట్టిన రోజుల్లో ఆ పక్కకు పోనివ్వరాదు. మందు తిని మత్తెక్కిన పురుగును కోడి సులువుగా పట్టుకొంటుంది. 1995-96లో అర్జెంటీనా దేశంలో మిడతల కోసం చల్లిన మోనోక్రోటోఫాస్ మందు వలన, ఆ మిడతలను తిన్న డేగలు వేల సంఖ్యలో చనిపోయాయి. డేగనే చంపిన మందుకు కోడిపిల్ల ఏపాటిది! మందు డబ్బా ఎంత కడిగినా దానిలో నీళ్లు పెట్టకండి. మందు పట్టించిన రంగు పత్తిగింజలు విత్తేటప్పుడు వాకిట్లో ఒలికితే వెంటనే ఊడ్చి పూడ్చివేయండి.

కొక్కెర తెగులు టీకా మరువవద్దు. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా చుక్క కంటిలో వేయించి, నాలుగవ వారంలో మరల ఇప్పించండి. ఎనిమిది వారాలు దాటాక సూదిమందు వేయించండి. టీకా సీసాను ఐసులో పెట్టి తేవాలి, చల్లని వేళ వేయాలి. చనిపోయిన పిల్లలను కాలువలో పారవేయకండి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలకు బర్డ్ ఫ్లూ వచ్చింది. కోళ్లు ఒక్కసారిగా గుంపుగా చనిపోతే వాటిని కోసి పంచుకొనకుండా, పశువైద్యునికి కబురు చేయండి.

ఆ చెల్లెమ్మ దగ్గర మిగిలిన 23 పిల్లలకు ఆ ఉదయమే మట్టికుండ పెట్టాం. మధ్యాహ్నానికి నరసరావుపేటలో రెండు పాత బల్బులు సంపాదించి నేనే కట్టి వచ్చాను. ఆ రాత్రి రెండింటికి వెళ్లి చూస్తే ఆమె అప్పటికే పీట వేసుకొని వాటి ముందు కూర్చుని ఉంది. ఈస్టరు నాటికి 21 కోళ్లు నిలిచాయి. పెట్టలను ఉంచుకొని పుంజులను అమ్మింది. అప్పులో సగం తీరింది. మిగిలిన సగం గుడ్లమీద తీర్చడానికి ఆమెకు క్రిస్మస్ దాకా పట్టింది. ఈ ఏడు మరల 50 పిల్లలకు చెప్పి ఉంచింది. వాడని బల్బును పాత పేపరులో చుట్టి, బియ్యం డబ్బాలో దాచింది.